ఆరు కప్పులు

శోభనాద్రి గారింటికి రెండు కాఫీ మిషన్లు వచ్చిన సంగతి గుడివాడలో సగం మందికి తెలుసు. తెలియని సగానికి ఆయనే చెప్పాడు. కిందటి వేసవిలో చేపల మేత కంపెనీ వాళ్లు ముదినేపల్లి చెరువుల రైతుల్ని బ్యాంకాక్ తీసుకెళ్లారు. అక్కడ హోటల్లో చిన్న కప్పులో నల్లగా, పైన ఎర్రటి నురగతో ఇచ్చిన కాఫీ ఆయన నాలుకని వదల్లేదు. ఎస్ప్రెస్సో అంటారట. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ రాజకుమారి గారి ఫిల్టర్ కాఫీ ఆయనకి కుడితిలా ఉంటోంది. ఆ మాట నలుగురిలో అనేశాడు కూడా. ఆవిడ రెండ్రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడో రోజు తనే విజయవాడ డీలరుకి ఫోన్ చేయించింది. డీలరు రెండు మిషన్లు, వాటికి రెండు మరలు పంపాడు. వాడి చూసుకుని నచ్చిన జత ఉంచుకోండి, రెండోది శనివారం మా మనిషొచ్చి పట్టుకుపోతాడు అన్నాడు.

వాడి చూడాలంటే వాడటం రావాలి కదా. అందుకని మంగళవారం పొద్దున్నే పాండురంగారావుకి కబురెళ్లింది. బస్టాండు దగ్గర కాఫీ పొడి కొట్టు ఆయనది. గుడివాడలో కాఫీ అంటే పాండురంగారావు పొడి, పాండురంగారావు చెయ్యి. ఆ చెయ్యి దయామణిదని తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు పాండురంగారావు, రెండోది దయామణి.

పదహారేళ్లుగా కొట్టు వెనక చీకటి గదిలో గింజ వేయించేదీ, మర పట్టేదీ ఆమే. చిటికెడు పొడి రెండు వేళ్ల మధ్య నలిపి, మర చక్రాల పళ్లు ఎంత అరిగాయో చెప్పేస్తుంది. వేగే గింజ చిటపటలు విని మంట తగ్గిస్తుంది. ఆ గదికి కిటికీ లేదు. పొడి ముక్కులోకి, గొంతులోకి పోయి, రాత్రిళ్లు దగ్గితే కళ్లెలో కూడా కాఫీ రంగే. ముందు కొట్టులోకి మాత్రం ఆమె రాకూడదు. కాలవ అవతల పేట మనిషి మర పడుతోందని తెలిస్తే బేరాలు పోతాయని పాండురంగారావు మొదటి రోజే మెత్తగా చెప్పాడు. చేసేదంతా చేసి, మాట మాత్రం మెత్తగా చెప్పే రకం ఆయన.

"మన పొడి వద్దండి షావుకారు గారూ, ఉత్త గింజ పట్టుకెళ్దాం. మన పొడిలో చికోరీ ఉంటది కదా, ఆ మిషన్‌కి పడదేమో," అంది దయామణి బయలుదేరే ముందు.

"నువ్వు చూశావా ఆ మిషన్ని? పద పద," అని ఆయన కొట్లో అమ్మే పొట్లమే జేబులో పెట్టుకుని స్కూటరెక్కాడు. ఆమె గింజల సంచీ భుజాన వేసుకుని వెనకాల నడిచింది.

మిషన్లు భోజనాల హాల్లో, చేతులు కడుక్కునే సింకు పక్కన, గ్రానైట్ బల్ల మీద పెట్టారు. అంతవరకు రావచ్చు, వంటింటి గడప దాటకూడదని రాజకుమారి గారు దయామణితో చెప్పలేదు. పాండురంగారావుకి చెప్పింది, దయామణికి వినపడేలా. పెద్ద మిషన్ ధగధగా మెరిసిపోతోంది. ముళ్లున్న గడియారాల్లాంటివి రెండు, పైన గద్ద బొమ్మ. దానికి జతగా ఇచ్చిన మర మాత్రం మిక్సీ పిల్లలా ఉంది. లోపల ఒక బ్లేడు, అంతే. చిన్న మిషన్ చూడ్డానికి ఇస్త్రీ పెట్టెలా మొద్దుగా ఉంది గానీ, దాని మర దానికంటే పొడుగు, దానికంటే బరువు. దయామణి ఆ మర మూత తీసి లోపలికి చూసింది. రెండు ఉక్కు చక్రాలు, వాటికి సన్నటి పళ్లు. మెడ దగ్గర అంకెలున్న పట్టీ. అటు తిప్పితే మెత్తన, ఇటు తిప్పితే బరక. కొట్లో మరకి ఇది మనవరాలు అనుకుంది.

పాండురంగారావు ఎవరి మాటా వినకుండా జేబులో పొట్లం విప్పి, పెద్ద మిషన్ తాలూకు పిడి ఉన్న జల్లెడ గిన్నెలో పొడి అదిమి, బిగించి, మీట నొక్కాడు. మిషన్ మూలిగింది. చుక్క రాలేదు. ఇంకాసేపు మూలిగి, పక్కల నుంచి ఒక్కసారి చిమ్మింది. ఆయన తెల్ల చొక్కా మీద నల్లటి మరకలు పడ్డాయి. గిన్నె విప్పితే లోపల చికోరీ ఉబ్బి బంకమట్టిలా పట్టేసి ఉంది.

"మిషన్ గానీ చెడగొట్టావా ఏంటయ్యా?" అన్నాడు శోభనాద్రి గారు.

పాండురంగారావు వెనక్కి తిరిగాడు. "ఏం పొడి తెచ్చావే నువ్వు? గింజ తెమ్మని చెప్పానా లేదా?" అన్నాడు దయామణితో.

దయామణికి అరికాలి మంట నెత్తికెక్కింది. పొట్లం ఆయన జేబులోంచి తీయడం అందరూ చూశారు. ఒక్కరైనా ఆ మాట అనలేదు. ఆమె గిన్నె తీసుకుని సింకులో బంక గీకడం మొదలుపెట్టింది.

గీకుతుండగానే శోభనాద్రి గారు అసలు సంగతి చెప్పాడు. "డీలరు మనిషి, విక్రమ్ అని, కుర్రాడు ఫోన్‌లో అన్నాడయ్యా. మిషన్‌దేం లేదట, మర కుదర్చడంలోనే ఉందట అంతా. కుదర్చడం తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి సార్, విజయవాడ షోరూంలో పనిస్తాం అంటున్నాడు. మిషన్ కొన్నవాళ్ల ఇళ్లకెళ్లి మర కుదిర్చి రావాలట."

దయామణి చేతిలో గిన్నె ఆగింది. కిటికీలున్న షోరూం. దుమ్ము లేని పని. మర కుదిర్చింది ఫలానా మనిషి అని పేరు పెట్టి చెప్పుకునే పని. ఆ పని నాది, అనుకుంది. ఆశగా అనుకోలేదు. పోయిన వస్తువు ఎవరింట్లోనో కనపడితే అనుకున్నట్టు అనుకుంది.

మధ్యాహ్నం దాకా గింజ పట్టడం, మిషన్‌లో పెట్టడం, చూడటం. కాఫీ గాజు బీరువాలోని కప్పుల్లో పట్టాలి. బ్యాంకాక్ నుంచి తెచ్చిన ఆరు పింగాణీ కప్పులు, అంచుకి బంగారు గీత. రుచి చూసేది పాండురంగారావు. పట్టీ తిప్పేది దయామణి.

"ఎలా ఉందండి?"

"ఆఁ, ఉంది."

"పులుపా, చేదా అండి?"

"కాఫీలాగే ఉందే."

పొద్దున్న లేచిన దగ్గర్నుంచి జర్దా కిళ్లీ నమిలే నాలుక అది. దానికి పులుపేమిటి, చేదేమిటి. వేరేవాడి కాలితో నడవమన్నట్టుంది దయామణికి. ఏడుసార్లు తిప్పింది. ఏడు కప్పులూ ఆయన తాగి ఏడుసార్లూ ఉందన్నాడు. శోభనాద్రి గారు ఎనిమిదోది తాగి మొహం చిట్లించి, "బ్యాంకాక్‌ది ఇలా లేదయ్యా," అన్నాడు.

సాయంత్రం వెళ్లేటప్పుడు రాజకుమారి గారు దయామణికి కాఫీ ఇప్పించింది. వెనక వరండా పిట్టగోడ మీద, కాగితం కప్పులో. వెనకటికి ఇలాంటి ఇళ్లలో చూరులో దోపిన గ్లాసొకటి ఉండేది. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. ఇప్పుడు చూర్లూ లేవు, గ్లాసులూ లేవు. యాభై కప్పుల పొట్లం బజార్లో దొరుకుతోంది. కడగక్కర్లేదు, వేరే దాచక్కర్లేదు. ఎవరైనా అడిగితే శుభ్రత అని చెప్పొచ్చు. ఇంట్లోవాళ్లు మాత్రం ఆ శుభ్రత లేకుండా పింగాణీలో తాగుతారు. దయామణి ఆ కప్పు ముట్టుకోలేదు. గోడ మీద అలాగే చల్లారనిచ్చి వెళ్లిపోయింది.

బుధవారం హాల్లో టీవీలో క్రికెట్ వస్తోంది. పాండురంగారావు, శోభనాద్రి గారూ దాని ముందు కూర్చున్నారు. రాజకుమారి గారు మేడ మీద ఫోన్‌లో ఉంది. గ్రానైట్ బల్ల దగ్గర దయామణి ఒక్కతే మిగిలింది.

ముందు పెద్ద మిషన్‌కి, బ్లేడు మరలో గింజ ఆడించింది. పొడి వేళ్ల మధ్యకి తీసుకుంటే సగం దుమ్ము, సగం నూక. కప్పులోకి పట్టింది. హాలు వైపు చూసింది. ఎవడో అవుటయ్యాడు, ఇద్దరూ కుర్చీల్లో ముందుకి వంగారు. దయామణి కప్పెత్తి తాగింది. ఒక్క గుక్కలోనే పులుపూ ఉంది, చేదూ ఉంది. నూక పులుపిస్తోంది, దుమ్ము చేదిస్తోంది. ఎన్ని ముళ్లున్నా ఈ మరతో ఈ మిషన్ ఏం చేయలేదు. నిన్న ఎనిమిది కప్పులు తాగిన మనుషులకి తెలియనిది ఒక్క గుక్కలో తెలిసిపోయింది.

ఆ కప్పు కడిగిపెట్టి చిన్న మిషన్ అందుకుంది. నీళ్లు దిగడం మొదలైనప్పుడు మనసులో పరలోక ప్రార్థన అందుకుంది. కొట్లో కూడా ప్రార్థన అయ్యేలోపు ఎంత పొడి దిగిందో చూసే, మర చక్రాలు ఎంత బిగించాలో లెక్క కట్టుకుంటుంది. మొదటి కప్పు ప్రార్థన సగంలోనే నిండిపోయింది. తాగింది, పుల్లగా నీళ్లలా ఉంది. రెండంకెలు మెత్తన చేసింది. రెండోది. మూడోది. ప్రతిసారీ వేరే కప్పు తీసింది, ముందటి రుచి అంటకూడదని. ఆరో కప్పు ఆమేన్ దగ్గర సరిగ్గా నిండింది. సన్నటి ధార, ఎలకతోకలా వంపు తిరిగి, పైన ఎర్రటి నురగ. తాగి కళ్లు మూసుకుంది. పదహారేళ్లు తను వేయించిన గింజలో ఇంత తీపి ఉందని ఆమెకి ఇవాళే తెలిసింది. నోట్లో ఆ తీపి ఉండగానే ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు ఒళ్లు మండుకొచ్చింది. నా గింజ రుచి నేను దొంగతనంగా చూడాలా, అనుకుంది.

ఆరు కప్పులూ కడిగి, వాటిలో రెండింట్లో మళ్లీ కాఫీలు పట్టి పాండురంగారావుని పిలిచింది. పళ్లెం ఆయనే తీసుకెళ్లాడు.

శోభనాద్రి గారు ఒక గుక్క తాగి, టీవీ మీంచి చూపు తిప్పాడు. "ఇదయ్యా. ఇదీ కాఫీ. నీ చేతిలో ఏముందయ్యా పాండురంగారావూ?"

"ఏదో మీ దయండి. ముప్ఫై ఏళ్ల అనుభవం," అన్నాడు ఆయన. "చిన్న మిషన్ ఉంచుకోండి. పొడి ఒక్క తీరుగా పడాలండి, మరలోనే ఉంది కిటుకంతా." అవి దయామణి అన్న మాటలు. బల్ల దగ్గర అంది, ఆయన మోసుకెళ్లి హాల్లో దించాడు.

"చిన్నది కంటికి ఆనదయ్యా. చూద్దాం, శనివారం దాకా ఉందిగా," అన్నాడు శోభనాద్రి గారు.

గురువారం, శుక్రవారం రాజకుమారి గారు వీధిలో వాళ్లందర్నీ పిలిచి కాఫీలిచ్చింది. కప్పు పట్టుకున్న ప్రతివాళ్లూ ఆహా అన్నారు. పొద్దున్నే వచ్చి ఎవరూ చూడకుండా రుచి చూసి మర కుదర్చడం దయామణి పని. పాండురంగారావు కొట్టు వదిలి వచ్చి పక్కన నిలబడటం పాండురంగారావు పని. శుక్రవారం శోభనాద్రి గారు ఫోన్‌లో విక్రమ్‌తో, మా పాండురంగారావు కుదిర్చాడయ్యా, రేపొచ్చి చూడు అని చెప్పడం ఆమె చెవిన పడింది.

గేటు దాటాక స్కూటర్ ముందు నిలబడింది. "రేపు నా పేరు చెప్పండి షావుకారు గారూ. మీకు కొట్టుంది. ఆ పని నాకు రానివ్వండి."

ఆయన కిళ్లీ ఉమ్మి, మెత్తగానే అన్నాడు. "చెప్తానమ్మా, ఏం భాగ్యం. చెప్తే, ఎలా కుదిర్చింది అంటారు. రుచి చూసి కుదిర్చిందండి, మీ కప్పుల్లోనే చూసింది అని చెప్పమంటావా? నాకు తెలియదనుకున్నావా? ఆరు కప్పులూ తడిగా ఉంటే నాకు కళ్లు లేవా? రాజకుమారి గారి సంగతి నీకు తెలుసుగా. నీ మంచికే చెప్తున్నా."

నీ మంచికే, అన్న మాట పేట దాకా ఆమె వెంటే నడిచింది. పనితనం నాదని చెప్పాలంటే ముందు దొంగతనం నాదని చెప్పాలి. దొంగతనం ఎందుకైంది. గుక్కెడు కాఫీ నోట్లో పోసుకున్నందుకు. అది కూడా వాళ్ల పనికోసం. ఆ రాత్రి ఆమె అన్నం సరిగా తినలేదు.

శనివారం తెల్లారేసరికి ముసురు పట్టింది. శోభనాద్రి గారింటికి విక్రమ్ వచ్చాడు, ఇరవై ఐదేళ్లుంటాయి, తడిసిన జుట్టు చేత్తో దులుపుకుంటూ. ముదినేపల్లి నుంచి ఇద్దరు చెరువుల రైతులు కూడా వచ్చారు, చూసి వాళ్లూ కొందామని. అంతమంది ఉన్నారని దయామణిని ఇవాళ వెనక వరండాలోనే ఆపేశారు. పక్కన పిట్టగోడ మీద కాగితం కప్పు.

లోపల్నుంచి మిషన్ చప్పుడు వినపడింది. ఆమె అలవాటుగా ప్రార్థన అందుకుంది. ఆమేన్ అయిపోయింది, మిషన్ ఇంకా మూలుగుతూనే ఉంది. రెండోసారి ఆమేన్ కూడా అయిపోయింది. గింజకి చెమ్మ పట్టింది, బరక చేయాలి, అనుకుంది. పాండురంగారావు పట్టీ తిప్పిన చప్పుడు వినపడింది. ఈసారి మిషన్ మూలుగు తప్ప చుక్క పడిన శబ్దమే లేదు. ఆయన మెత్తన వైపు తిప్పాడు. దయామణి నవ్వుకుందామనుకుంది గానీ నవ్వు రాలేదు.

కాసేపటికి ఆయనే వచ్చాడు, చెమటలు కక్కుతూ. "రావే, ఒకసారి చూడు."

ఆమె లోపలికెళ్లి గిన్నె విప్పి, పొడి నలిపి చూసింది. పట్టీ వెనక్కి మూడంకెలు తిప్పి, కొత్త పొడి పట్టి, ఒక కప్పులోకి దించింది. "రుచి చూడాలండి," అంది.

"ఇలా ఇవ్వు, నేను చూస్తాలే," అన్నాడు పాండురంగారావు.

"మీ నోట్లో జర్దా ఉందండి."

చెరువుల రైతొకాయన నవ్వాడు. విక్రమ్ అన్నాడు, "మర తిప్పేవాళ్లే రుచి చూడాలి కదా సార్. మీరు చూడండమ్మా."

ఆ ఇంట్లో అయిదు రోజుల్లో ఆమెని మీరు అన్నది అతనొక్కడే. రాజకుమారి గారు గబగబా ఒక కాగితం కప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇందులో పోసుకుని చూడవే."

"అందులో పోస్తే కాగితం రుచే తగులుతుందమ్మగారూ," అంది దయామణి. పింగాణీ కప్పు ఎత్తి, అందరూ చూస్తుండగా, తాగింది. రాజకుమారి గారి మొహంలో రంగు మారింది. దయామణి అటు చూడలేదు. ఇంకొక్క అంకె తిప్పింది. మళ్లీ పట్టింది. ఆమేన్ దగ్గర కప్పు నిండింది. తను తాగిన కప్పు పక్కన పెట్టి, మిగతా అయిదు కప్పుల్లో కాఫీలు పట్టి పళ్లెంలో పెట్టింది. శోభనాద్రి గారికి, రైతులిద్దరికీ, విక్రమ్‌కి, పాండురంగారావుకి.

విక్రమ్ ఒక గుక్క తాగి కప్పులోకి చూశాడు. "సార్, హైదరాబాద్‌లో మా వాళ్లు కూడా ఇలా సెట్ చేయలేరు. ఎవరు చేశారిది, నిజం చెప్పండి."

"నేనే బాబూ," అన్నాడు పాండురంగారావు. "ఇవాళంటే ముసురు వల్ల కాస్త తడబడ్డాను గానీ, బుధవారం నుంచి కుదిర్చింది నేనే. ఈవిడకి నేనే నేర్పాను, చెప్పినట్టు తిప్పుతుంది."

శోభనాద్రి గారు తలూపాడు. అదే సమయానికి రాజకుమారి గారు బల్ల దగ్గరికొచ్చి, పక్కన పెట్టిన కప్పు వైపు గడ్డంతో చూపించి, పుణ్యం చేస్తున్న గొంతుతో అంది. "ఆ కప్పు ఇంక నువ్వే పట్టుకుపోవే దయామణీ. మంచిదేలే, ఇంట్లో వాడుకో."

అయిదు రోజులుగా అదిమి అదిమి పెట్టిందంతా దయామణి నాలుక మీదికొచ్చింది. అరుస్తానేమో అనుకుంది. అరవలేదు. కొట్లో మర చప్పుడులో మాట్లాడి అలవాటైన గొంతు, ఆ నిశ్శబ్దంలో మామూలుగానే పలికింది.

"ఏ కప్పండి అమ్మగారూ?"

"అదేనే, నువ్వు తాగింది."

"నేను ఆరింట్లోనూ తాగానమ్మగారూ. బుధవారం నుంచి రోజూ. షావుకారు గారికి కూడా తెలుసు. ఆయన నాలుకతో మంగళవారం ఏడుసార్లు తిప్పాను, కుదర్లేదు. నేను తాగాకే కుదిరింది. మీ వీధిలో వాళ్లంతా బాగుందన్నది నేను తాగి కుదిర్చిందే. అందుకని ఏ కప్పు పట్టుకుపోవాలో మీరే చెప్పండి."

ముదినేపల్లి రైతొకాయన నోటి దాకా వెళ్లిన కప్పు దించాడు. రెండో ఆయన అప్పటికే తాగేసి కప్పు అడుగు చూస్తున్నాడు. పాండురంగారావు, "చూశారా అండి, చూశారా," అని ఎవరికో చెప్పబోయి, తన చేతిలోని కప్పుని ఏం చేయాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు. శోభనాద్రి గారి మొహం జేవురించింది. ఆయన కప్పు ఖాళీ. నాలుగు రోజుల కాఫీ వెనక్కి కక్కలేడు కదా. బ్యాంకాక్ నుంచి ఆ రుచి కోసం కొట్టుకులాడిన మనిషి.

విక్రమ్ మాత్రం తన కప్పు మొత్తం తాగి బల్ల మీద పెట్టాడు. "రుచి చూడకుండా కుదిర్చానంటేనే నేను నమ్మేవాణ్ణి కాదమ్మా. సోమవారం పొద్దున్న షోరూంకి రాగలరా?"

"వస్తానండి."

"సోమవారం కొట్లో గింజ వేయించాలి," అన్నాడు పాండురంగారావు అప్రయత్నంగా.

"మీ చెయ్యి ఉందిగా షావుకారు గారూ," అంది దయామణి.

శోభనాద్రి గారు ఎవరి వైపూ చూడకుండా గొంతు సవరించుకున్నాడు. "ఆ పెద్దది పట్టుకుపోవయ్యా. చిన్నది ఉండనీ."

"మంచిది సార్. కానీ ముసురు తగ్గితే మర మళ్లీ కుదర్చాలి," అన్నాడు విక్రమ్.

 శోభనాద్రి గారు తలెత్తి, మొదటిసారి సూటిగా దయామణి వైపు చూశాడు. ఆమె ఆ చూపుకి తల దించలేదు.

"షోరూంకి ఫోన్ చేయించండయ్యగారూ, వస్తాను," అంది. "రుచి మాత్రం ఈ కప్పుల్లోనే చూస్తాను."

బల్ల మీద తను తాగిన కప్పు తీసుకుని సింకు దగ్గరికెళ్లింది. విక్రమ్ తాగిన కప్పు, శోభనాద్రి గారు తాగిన కప్పు కూడా తీసుకుంది. మూడూ కడిగి, తుడిచి, గాజు బీరువాలో పక్కపక్కనే బోర్లించింది. చెయ్యి తుడుచుకుని, వెనక వరండాలో విడిచిన చెప్పులు తెచ్చుకుని, హాల్లోంచి నడిచి, ముందు గుమ్మంలో వేసుకుంది. రాజకుమారి గారు బీరువా దగ్గర నిలబడి ఏది ఎవరు తాగిన కప్పో పోల్చుకోవాలని చూస్తోంది.